మొద్దుకి కట్టిన ఇల్లు

ఆ ఏడు ఆవకాయ పెట్టే రోజున మా అమ్మ వంటింటి మూలనున్న మూడో జాడీ మీది గుడ్డ విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తియ్యకుండానే నన్ను పిలిచింది.

"ఒరేయ్ రత్నం, ఇందులో ఇసక ఉందిరా. ఇసకలో ఏందో మెత్తగా ఉంది."

నేను గుమ్మంలో కూర్చుని మామిడికాయలు తుడుస్తున్నాను. నా భార్య ఎస్తేరు రోటి దగ్గర ఆవాలు దంచుతోంది. రోకలి ఆగిపోయింది. అమ్మ నెమ్మదిగా చెయ్యి పైకి తీసింది. ఆమె మణికట్టుకి చుట్టుకుని ఇటిక రంగు పాము కూడా పైకి వచ్చింది. మూరన్నర పొడుగు, రెండు వేళ్ళ లావు. తల ఎటో తోక ఎటో తెలియకుండా రెండు కొసలూ మొండిగా ఉన్నాయి. మా వైపు దాన్ని రెండు తలల పాము అంటారు.

అమ్మ అరవలేదు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"ఎవరిదే ఇది?" అంది.

"నాది అత్తమ్మా," అంది ఎస్తేరు.

"మీ వాళ్ళు ఊరగాయ జాడీ పంపించారన్నావు గదే!"

"జాడీ మా వాళ్ళు పంపిందే. ఊరగాయ అని మీరే అనుకున్నారు."

ఎస్తేరు వచ్చి అమ్మ చేతి మీదనుంచి పాముని విప్పుకుంది. గాజులు తీసుకున్నంత తేలిగ్గా తీసుకుని చీరకొంగులో వేసుకుంది. అది కొంగులో ముద్దగా చుట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

అది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది. నేను గురజాల హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. పెళ్ళయి మూడు నెలలు. ఎస్తేరుది వెల్దుర్తి, నాపరాళ్ళ క్వారీలో పనిచేసే ఇంటి పిల్ల. అమ్మ మిషనులో బైబిలు స్త్రీ. గుడ్డ సంచీలో బైబిలు వేసుకుని ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పేది. ఆ తిరుగుళ్ళలోనే వెల్దుర్తిలో ఎస్తేరుని చూసి, ఇంటికొచ్చి "పిల్లని చూసొచ్చా" అని నాకు చెప్పింది. నేను సరేనన్నాను. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా నేను అమ్మతో సరేనన్న మాట తప్ప వేరే మాట అన్న గుర్తు లేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. జాడీలో పాము ఉందని నాకు పెళ్ళయిన మొదటి వారంలోనే తెలుసు. తెల్లవారుజామున ఎస్తేరు లేచి, జాడీ దగ్గర కూర్చుని, పాముని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వచ్చే తొలి ఎండ చూపించేది. నేను వంటింటి గుమ్మం పక్కనే పడుకుని, నిద్ర నటిస్తూ రెప్పల సందునుంచి చూసేవాణ్ణి. భార్యతో ఆ సంగతి ఎత్తితే ఆమె వైపు నిలబడాలి. అమ్మతో ఎత్తితే అమ్మ వైపు నిలబడాలి. ఎటూ నిలబడకుండా పడుకుని ఉండటం నాకు అలవాటు. దాన్ని నేను శాంత స్వభావం అనుకునేవాణ్ణి. లోకం కూడా అలాగే అనుకునేది.

"మూడు నెలలు," అంది అమ్మ, చెయ్యి కడుక్కుంటూ. "మూడు నెలల నుంచి దాని పక్కన మోకాళ్ళేసి ప్రార్థన చేసుకుంటున్నా నేను. కాటేసుంటే?"

"దానికి విషం లేదత్తమ్మా. ఆరేళ్ళుగా నా దగ్గరే ఉంది. క్వారీలో బండ లేపితే కింద ఉండింది. మావోళ్ళు గునపం ఎత్తారు, నేను తెచ్చుకున్నా. పేరు మొద్దు."

"పేరు కూడానా!"

"కానీ ఇక్కడికొచ్చాక తిన్లా," అంది ఎస్తేరు. గొంతు మొదటిసారి తగ్గింది. "అక్కడ పది రోజులకోసారి చిట్టెలకని తినేది. ఇక్కడ ఎలకని పెడితే మొహం తిప్పుకుంటంది. మూడు నెలలయింది."

అమ్మ కారం చేట పక్కకి జరిపింది.

"మృగశిర కార్తె దాకా చూస్తా," అంది. "ఆ లోపల అది తిని బతికితే సరే. లేకపోతే దాన్ని మీ ఊళ్ళో దిగబెట్టి రా. నా ఇంట్లో చావటానికి లేదు."

"దిగబెట్టి రాను," అంది ఎస్తేరు. కోపం లేదు, రాగం లేదు. "దాంతోపాటు నేనూ దిగిపోతా. ఆరేళ్ళ నుంచీ ఉన్నదాన్ని బతికించుకోలేని ఇంట్లో నేను మాత్రం ఏం బతుకుతా?"

ఇద్దరూ నావైపు చూశారు. ఎస్తేరు పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నం సగం కంచంలోనే వదిలేస్తోందని నాకు అప్పుడు తట్టింది. రోజూ చూస్తూనే ఉన్నాను, ఆ క్షణం దాకా గమనించలేదు.  ఏదో ఒకటి అనాలి.

"దానికి జాడీ ఇరుకు," అన్నాను.

ఇద్దరిలో ఎవరు అడిగిన ప్రశ్నకీ అది జవాబు కాదు. అయినా రోకలి మళ్ళీ పడటం మొదలైంది.

*

ఏప్రిలు ఆఖరుకి స్కూలుకి సెలవులిచ్చారు. పక్కింటి కోటిలింగం బాబాయ్ నాపరాళ్ళ క్వారీలో బండలు చీల్చే పనివాడు. పగిలిన బండలేవన్నా ఉంటే కావాలని అడిగాను.

"దేనికి మాస్టారూ? కోళ్ళగూడుకా?"

నిజం చెప్పాను. ఆయన బీడీ నోట్లోంచి తీసి, నన్ను ఎగాదిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా జన్మలో బండ కింద పాముని చంపటం చూశా గానీ, పాము మీద బండలు పేర్చి ఇల్లు కట్టటం చూళ్ళా. పదండి, మంచివే ఏరిపెడతా. ఆరు నెలలు ఇటు తల, ఆరు నెలలు అటు తల ఉండిద్దంటారే, దానికి రెండు గుమ్మాలు పెట్టాలేమో!"

"తల ఒకటే బాబాయ్. రెండోది తోక."

"ఏమో, మీరు చదువుకున్నోళ్ళు. రెండు వైపులా తల పెట్టుకుంటే నాకూ బాగుణ్ణు. ఒకటి మీ పిన్నితో మాట్లాడేదానికి, ఒకటి బీడీ తాగేదానికి."

బండల్ని ఆయన సుత్తితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. కంగుమని మోగితే లోపల పగులు లేనట్టు. డొల్లగా మోగితే పక్కకి తోసేసేవాడు. నాలుగు నిలువు బండలు, కింద ఒకటి. మూడు మూరల పొడుగు, రెండు మూరల వెడల్పు పెట్టె తయారైంది. పైన మూతకి పాత ఇనప జల్లెడ జాలీని కర్ర చట్రంలో బిగించాను. పెరట్లో, ప్రహరీగోడ దగ్గర పెట్టాం. లోపల జానెడు లోతున వాగు ఇసక నింపాం.

నేను ఆ పెట్టెని చూసి చాలా గర్వపడ్డాను. మధ్యాహ్నం రెండింటికి స్కూలు లాబ్ నుంచి తెచ్చిన థర్మామీటర్ ఇసకలో గుచ్చాను. పైన యాభై రెండు డిగ్రీలు. బెత్తెడు లోతున నలభై మూడు. గురజాల ఎండలో నేను పాముకి పొయ్యి కట్టానని తెలిసింది.

"మీ గాజుపుల్ల ఏం చెప్పింది?" అంది ఎస్తేరు.

"చచ్చిపోతుందని చెప్పింది."

ఆమె నవ్వలేదు. అరచెయ్యి తిరగేసి, వెనక వైపుతో ఇసకని తాకింది. ఒక చోట, ఇంకో చోట. తర్వాత లేచి పెరడంతా తిరిగింది. నేల మీద, గోడ మీద, పశువుల్లేక ఖాళీగా ఉన్న కొట్టం వాసం కింద, వేపచెట్టు మొదట్లో చేతి వెనక భాగంతో తడుముకుంటూ పోయింది. కొట్టం అంచున ఒకచోట ఆగింది. ఒక అడుగు నీడలో, ఒక అడుగు ఎండలో.

"ఇక్కడ," అంది.

మర్నాడు కోటిలింగం బాబాయ్ సాయంతో పెట్టెని అక్కడికి మార్చి, గంటగంటకీ థర్మామీటర్ పెట్టి నోటుబుక్కులో రాశాను. ఎండ వైపు బెత్తెడు లోతున ముప్ఫై ఎనిమిది, నీడ వైపు ముప్ఫై. మధ్యలో ఎక్కడైనా పాము తనకి కావలసిన వేడి వెతుక్కోవచ్చు. ఆమె చెయ్యి పెట్టిన చోట ప్రతిసారీ ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు చూపించింది. నేను రెండోసారీ మూడోసారీ సరిచూసుకున్నాను.

"ఎలా తెలిసింది?"

"ఆరేళ్ళు దాన్ని చేతిలో పట్టుకున్నా. అది ఎప్పుడు సుఖంగా ఉండిద్దో నా చేతికి తెలుసు. మీకు పుల్ల కావాలి గదా, చూసుకోండి."

నేను ఆమె చేతి వెనక భాగం నా చెంపకి ఆనించుకున్నాను. నాలుగు నెలల్లో నేను ఆమెని పట్టపగలు ముట్టుకోవడం అదే మొదలు. కొలత కోసమే ముట్టుకున్నట్టు నటించాను. నటిస్తున్నానని ఆమెకి తెలుసు. నేను తెల్లవారుజామున నిద్ర నటించిన రోజులు కూడా ఆమెకి తెలుసని అప్పుడు చెప్పింది.

"రెప్పలు ఆడేవి," అంది. "నేను చూసేదాన్ని. ఎప్పుడు లేస్తారా అని చూసేదాన్ని."

మొద్దు కొత్త ఇంట్లోకి దిగింది. దిగిన అర నిమిషంలో ఇసకలోకి మాయమైంది. చిట్టెలకని వదిలితే అది జాలీ చట్రానికి అంటుకుని రాత్రంతా కిచకిచమంది. తెల్లారి చూస్తే ఎలక అలాగే ఉంది. మే పది దాటింది.

*

ఒక శుక్రవారం నేనూ ఎస్తేరూ పొడి ఇసక కోసం తోపుడుబండి తీసుకుని వాగుకి పోయాం. ఇసకని జల్లెడ పట్టి, గడ్డి తీసి, ఎండలో ఆరబెట్టి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. కొట్టం దగ్గరికి రాగానే పెట్టె మూత నేల మీద పడి ఉండటం కనిపించింది.

లోపల ఇసక తడిసి ముద్దగా ఉంది. దాని మీద పసుపు, కుంకం, చితికిన కోడిగుడ్డు. పుల్లటి వాసన. ఎర్రచీమలు గీతలు కట్టి నాలుగు వైపులనుంచీ లోపలికి పోతున్నాయి. పాము లేదు.

ఎస్తేరు కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. చేతులు ఇసకలో పెట్టి కెలుకుతోంది. చీమలు మోచేతుల దాకా పాకినా తియ్యలేదు.

గోడ అవతలనుంచి కోటిలింగం బాబాయ్ భార్య పున్నమ్మ పిన్ని తల కనిపించింది. మొహం వెలిగిపోతోంది.

"చూశావా ఎస్తేరూ? పొద్దున పాలు పోశా. గుడ్డు పెట్టా. మా పెద్దోడు సాగర్ డ్యాం పనికి పోయాడు గదా, రాళ్ళ కింద పడకుండా సల్లగా చూడమని మొక్కుకున్నా. ఇంటి పక్కనే పుట్ట వెలిసింది, ఇంకెక్కడికో పోవటం దేనికి?"

పుట్ట కనిపిస్తే శుక్రవారం పాలు పొయ్యడం ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలిసిన పని. పాము పాలు తాగదని ఆమెకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేను సైన్సు మాస్టర్ని, గోడ పక్కనే మూడు వారాలు పాము ఇల్లు కట్టాను, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన చోట మాట్లాడకపోవడం నా శాంత స్వభావం. దాని ఫలితం చీమలై పాకుతోంది.

"ఏదీ, పాలు తాగిందా?" అంది పిన్ని.

అప్పుడు అమ్మ గొంతు వినిపించింది.

"ఇట్రండి."

అమ్మ వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉంది. పొద్దున ఊళ్ళు తిరగటానికి పోయి మాకంటే ముందే వచ్చింది. బైబిలు మంచం మీద విడిగా ఉంది. బైబిలు మోసే గుడ్డ సంచీ ఒళ్ళో ఉంది. పక్కన ముంతలో నీళ్ళు, నానిన గుడ్డ పేలికలు, వేపాకు.

అమ్మకి ఇంకో పని కూడా ఉండేది. వారానికి రెండుసార్లు ఊరి బయట కుష్టురోగుల కొట్టాలకి పోయి వాళ్ళ పుళ్ళు కడిగి కట్టు కట్టేది. ఇరవై ఏళ్ళుగా. ఇంట్లో దాని గురించి మాట్లాడేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. ఆ పుళ్ళకి వాడే మెత్తటి పాత పేలికలే ఇప్పుడు ముంతలో నానుతున్నాయి. ముంత చుట్టూ నేల మీద చచ్చిన చీమలున్నాయి.

"మూతి దగ్గరా కళ్ళ దగ్గరా పట్టినయ్," అంది అమ్మ. "అన్నీ తీశా. పొలుసుల సందున ఉన్నయ్యేమో నువ్వు చూడు, నీకు అలవాటు."

సంచీ ఎస్తేరు చేతిలో పెట్టింది. బైబిలు తీసుకుని లోపలికి పోయింది.

మేమిద్దరం సంచీ తెరిచి చూశాం. మొద్దు అడుగున చుట్టుకుని ఉంది. ఒళ్ళంతా తుడిచిన బండలా నిగనిగలాడుతోంది. పక్కల్లో ఊపిరి ఆడటం కనిపించింది. ఎస్తేరు అప్పుడు ఏడ్చింది.

*

ఆ సాయంత్రం కోటిలింగం బాబాయ్ తలొంచుకుని వచ్చాడు. వెనకాల పున్నమ్మ పిన్ని.

"పాము ఇంటి సంగతి దీని చెవిన వేసింది నేనే మాస్టారూ. నవ్వుకోవటానికి చెప్పా. ఇది పాలు పట్టుకుని పోయిద్దని ఏం తెలుసు?"

"పాలు పోస్తే చీమలొస్తయ్యని నాకు తెలవదా ఏంది?" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "పాము దేవుడు గదా, చీమలు భయపడతయ్యనుకున్నా."

"ఏడవమాక పున్నమ్మా," అంది అమ్మ. "పాలు తెచ్చింది మంచి మనసుతోనే గదా. ఇప్పుడు నువ్వూ మీ ఆయనా కూచుని ఒక పని చెయ్యాలి. ఒరేయ్ రత్నం, మన పాల అలమర చూడు."

వంటింట్లో పాలూ నెయ్యీ పెట్టే జాలీ అలమర ఉంది. చీమలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు ఉండేవి. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను. నాకు తట్టలేదు. నోటుబుక్కు నిండా డిగ్రీలు రాసుకున్న నాకు, చేతితో వేడి కనిపెట్టే ఎస్తేరుకి, ఇద్దరికీ తట్టలేదు.

"దాన్ని నేల మీద పెట్టటమే తప్పు," అంది అమ్మ. "కాళ్ళ మీద నిలబెట్టండి. కాళ్ళని నీళ్ళలో పెట్టండి. వానొచ్చినా తడవదు."

రెండు రోజులు పని జరిగింది. బాబాయ్ క్వారీ నుంచి నాలుగు రాతి కాళ్ళు చెక్కి తెచ్చాడు. వాటి కిందకి నాలుగు రాతి తొట్లు తొలిచాడు. పిన్ని ఇసకంతా పారబోసి, పెట్టెని బూడిదతో తోమి, మూడుసార్లు కడిగింది. నేనూ ఎస్తేరూ కొత్త ఇసకని ఎండబెట్టి, దానిలో క్వారీ రాతిపొడి కలిపి, జానెడున్నర లోతు పోశాం. ఎండ వైపు ఒక పలక, నీడ వైపు ఒక పలక ఏటవాలుగా పెట్టి కింద దూరడానికి ఖాళీ వదిలాం. నీటికి చిన్న మూకుడు. అడుగున గాలి ఆడటంతో నీడ వైపు ఇసక ఇంకో రెండు డిగ్రీలు చల్లబడింది. ఆ అంకె చదివి నేను గట్టిగా అరిచాను. ముగ్గురు ఆడవాళ్ళూ తిరిగి చూశారు. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అందరం కలిసి కట్టిన ఆ పెట్టె చూడ్డానికి చిత్రంగా ఉండేది. నాలుగు కాళ్ళ మీద, నాలుగు తొట్లలో నిలబడి, ఎక్కడికో నడిచిపోవడానికి సిద్ధమైనట్టుండేది.

అయినా మొద్దు తినలేదు. మే నెలాఖరు వచ్చింది. రోహిణి ఎండకి కాకులు నోళ్ళు తెరుచుకుని వసారాలోకి వచ్చేవి.

*

ఒక శనివారం సాయంత్రం మా మిషను సంఘ పెద్ద జీవరత్నం గారు వచ్చారు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నారు.

"దేవమ్మ గారూ, మీ పెరట్లో పాముకి గుడి కట్టారని చెప్పుకుంటున్నారు. హైందవ స్త్రీలొచ్చి పాలు పోస్తున్నారంట. మీరు బైబిలు స్త్రీ."

"గుడి కాదయ్యా, ఇల్లు. పాలు ఒకసారి పోశారు, మానేశారు."

"సాతాను ఏ రూపంలో వచ్చాడో మీకు నేను చెప్పాలా?"

"బైబిల్లో తోటలోకి వచ్చిన పాము మాట్లాడింది. మాట్లాడి చెడగొట్టింది. ఇది నోరు మెదపదు. ఈ ఊళ్ళో నాకు నోరు మెదిపేవాళ్ళతోనే భయం."

పెద్దాయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"పోనీ అది వదిలెయ్యండి. ఆ జాతి పాము నాకితే కుష్టు వచ్చిద్దంటారు. ఇంట్లో కొత్త కోడలుంది. రేపు మీ పక్కన కూచుని ప్రభువు బల్ల రొట్టె తీసుకునేవాళ్ళకి కూడా భయం ఉండిద్ది గదా?"

అమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"ఇరవై ఏళ్ళయింది నేను ఆ కొట్టాలకి పోబట్టి. ఎంతమంది పుళ్ళు కడిగానో నాకే లెక్క లేదు. ఎట్టా వచ్చిందమ్మా అని వాళ్ళు నన్ను అడిగినోళ్ళే గానీ, పాము నాకితే వచ్చిందన్న మనిషిని ఒక్కణ్ణి చూళ్ళా. ఆ చేతుల్తోనే మీ ఇంట్లో పిల్లలకి అన్నం కూడా తినిపించా. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

జీవరత్నం గారు నావైపు తిరిగారు. అలాంటప్పుడు అందరూ నావైపే తిరుగుతారు. నేను శాంతస్వభావుణ్ణి కదా.

"మీరు చదువుకున్నవారు. మీరన్నా చెప్పండి మాస్టారూ. రేపు గుళ్ళో మీ అమ్మగారు పాఠం చదివేలోపల దాన్ని పంపించెయ్యమని చెప్పండి."

ఎస్తేరు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నన్ను చూడటం లేదు. నేల చూస్తోంది. నేను ఏం చెప్పబోతానో ఆమెకి ముందే తెలుసన్నట్టు, అది మంచి జవాబు కాదన్నట్టు నిలబడింది. నా లోపల ఒక కుర్చీలాంటిది ఉంది. ఎప్పుడు తగాదా వచ్చినా పోయి దాని మీద కూర్చుంటాను. ఆ కుర్చీ వైపు అడుగులు పడటం నాకు తెలుస్తూనే ఉంది.

"పాము పోదండీ," అన్నాను. "ఈ ఇంట్లోంచి ఎవరూ పోరు."

 మాట స్పష్టంగానే వచ్చింది. ఎస్తేరు తలెత్తింది.

అమ్మ లేచి, "రండి, ఒకసారి చూసి పొండి," అంటూ ఆయన్ని కొట్టం దగ్గరికి తీసుకుపోయింది. ఆయన జాలీ మీదికి వంగారు. ఎండ తగ్గిన వేళ కదా, సరిగ్గా అప్పుడే ఇసకలోంచి ఇటిక రంగు మూతి ఒకటి వేలెడు పైకి లేచి ఆగింది. పెద్దాయన వెనక్కి గెంతి, కాలు తీసుకెళ్ళి రాతి తొట్లో పెట్టారు. చెప్పుతో సహా చీలమండ దాకా మునిగింది.

"జాగ్రత్త," అంది అమ్మ. ఆయన తడి చెప్పుతో చప్పుడు చేసుకుంటూ వీధిలోకి పోయేదాకా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. తర్వాత నాతో అంది, "ఆ తొట్లో నీళ్ళు మళ్ళీ పోయ్ రత్నం. చీమలొస్తయ్."

మర్నాడు గుళ్ళో పాఠం అమ్మే చదివింది. ఎవరూ ఆపలేదు.

*

మృగశిర ఇంకా మూడు రోజులుంది. ఎస్తేరు ఏమీ సర్దుకోలేదు. నేను మాట ఇచ్చాను గానీ మొద్దు ఆకలి నా మాట వినదు. ఆ రోజుల్లో నాకు పొద్దున మెలకువ వచ్చేసరికి గుండె ముందే లేచి కొట్టుకుంటూ ఉండేది.

ఆ తెల్లవారుజామున అమ్మ నా భుజం తట్టింది.

"లే. బోనులో పడింది. చిన్నదే."

ధాన్యం గది లోపల అమ్మ ఎలక బోను పెట్టిందని నాకు తెలియదు. బోను పట్టుకుని ఆమె ముందు, నేనూ ఎస్తేరూ వెనక. తూరుపు తెల్లబడుతోంది. ఎస్తేరు చట్రం ఎత్తి ఎలకని నీడ వైపు పలక దగ్గర వదిలింది. అది ఇసక మీద నాలుగడుగులు వేసి, ఆగి, మూకుడు అంచు ఎక్కి నీళ్ళు తాగింది. మేం ముగ్గురం కాళ్ళ మీద కూర్చున్నాం. అమ్మ మోకాలు నా మోకాలికి ఆనుతోంది. 

ఎలక మూకుడు దిగింది. పలక నీడలోకి పోబోయింది.

ఇసక పగిలింది. అంతవరకే నాకు కనిపించింది. మరుక్షణం ఎలక మొద్దు చుట్టలో ఉంది. మూడు నెలలు ఊరగాయ జాడీలోనూ నెలన్నర మా చేతుల కిందా బద్ధకంగా పడున్న ఆ మొండి జీవి, తన నిండు బలంతో బిగుసుకుంది. కాసేపటికి ఎలక కదలిక ఆగింది. అది తొందరపడలేదు. చుట్ట వదులు చేసి, తల వెతుక్కుని, మింగడం మొదలుపెట్టింది. సూర్యుడు కొట్టం వాసం మీదికి వచ్చేసరికి తోక కొస మాత్రం మిగిలింది. అదీ లోపలికి పోయింది.

"తిన్నదే!" అంది అమ్మ. ఎస్తేరు వీపు మీద గట్టిగా ఒక్క చరుపు చరిచింది. "తిన్నది!"

ఎస్తేరు రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వు వేళ్ళ సందునుంచి వస్తోంది. నేను నోటుబుక్కు తీశాను. ఏ అంకె రాయాలో తెలియక తారీఖు మాత్రం రాశాను. జూన్ నాలుగు.

"సాయంత్రానికి ఇంకోటి పట్టనా?" అంది అమ్మ.

"పది రోజులు ఆగాలి అత్తమ్మా."

"పది రోజులా! ఉపవాసంలో నన్నే మించింది గదే ఇది."

మొద్దు నాలుక రెండుసార్లు ఆడించి, తల ఇసకలోకి దించింది. నడుం దగ్గర ఉబ్బుగా ఉండటంతో నిదానంగా దిగింది. ఇసక కాసేపు కదిలి, సర్దుకుని, చదునైంది. పైన ఏ గుర్తూ మిగల్లేదు. మేం ముగ్గురం ఆ ఖాళీ ఇసకని చూస్తూ కూర్చున్నాం. అంత నిండైన ఖాళీని నేను ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు.

గోడ అవతల పున్నమ్మ పిన్ని తల లేచింది. మా చప్పుడు విన్నట్టుంది.

"ఏంది దేవమ్మక్కా, పొద్దున్నే సంబరం? ఏదీ, పాము కనపడదేం?"

అమ్మ లేచి చీర దులుపుకుంది. అప్పటిదాకా నా ఇల్లు, నా వంటిల్లు, నా జాడీ అన్న మాటలే నేను ఆ నోట విన్నాను.

"తిన్నది, పడుకున్నది," అంది. "దాని ఇల్లు, దాని ఇష్టం."

ఎస్తేరు ఒక క్షణం అమ్మ వైపే చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి, పెరడంతా వినపడేలా, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్లలా కేక వేసింది.

"పున్నమ్మ పిన్నీ, వచ్చి చూద్దువు గానీ! పాలు మాత్రం తేమాక!"